తెల్ల కవచం వెనక ప్లాస్టిక్ శాస్త్రం

2019లో ప్రసారమైన ‘స్టార్ వార్స్’ ధారావాహిక ‘ది మాండలోరియన్’ మొదటి సీజన్ ఆఖరి ఘట్టానికి స్టార్మ్‌ట్రూపర్లు అనే తెల్ల సైనికుల కవచాలు చాలలేదు. నిర్మాతలు అభిమానులకు కబురు పెట్టారు. ‘501వ లీజియన్’ అనే వేషధారుల సంఘం సభ్యులు ఎవరి కవచం వాళ్ళే తొడుక్కుని వచ్చి సైనికుల్లో కలిసిపోయారు. ఇళ్ళలో, గ్యారేజీల్లో అతికించి అరగదీసిన ఆ ప్లాస్టిక్ కెమెరా ముందు నిలబడిందంటే, దాని వెనక కచ్చితమైన కొలతలూ కొంత రసాయన శాస్త్రమూ ఉన్నాయి.

ఈ సంఘాన్ని 1997లో అమెరికాలోని సౌత్ కరోలినాకు చెందిన ఆల్బిన్ జాన్సన్ మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతటా వేలమంది సభ్యులున్నారు. ఆసుపత్రుల్లో పిల్లలను పలకరించడం, విరాళాల సేకరణకు తోడు నిలవడం వీళ్ళ పని. దానికి డబ్బు తీసుకోరు. సభ్యత్వానికి మాత్రం పరీక్ష గట్టిది. ప్రతి వేషానికీ ఒక ప్రమాణ పత్రం ఉంటుంది. అభ్యర్థి పంపిన ఫొటోలను దానితో పోల్చి చూసి స్థానిక బాధ్యులు ఆమోదిస్తారు. పౌరాణిక నాటకంలో అట్టకిరీటానికి బంగారు కాగితం అంటిస్తే పదో వరుసలోంచి చూసేవాళ్ళకు చెల్లుతుంది. ఇక్కడ చూసేవాళ్ళు దగ్గర నుంచి తీసిన ఫొటోలో అతుకు వెడల్పు కూడా లెక్కపెడతారు.

లెక్కపెట్టడమంటే ఎలా? 1977 నాటి తొలి ‘స్టార్ వార్స్’ సినిమా స్టార్మ్‌ట్రూపర్‌నే తీసుకుందాం. చేతి భాగాల అతుకుల మీద వేసే పట్టీ వెడల్పు సుమారు 15 మిల్లీమీటర్లు, కాళ్ళ ముందు వైపున సుమారు 20 ఉండాలి. వజ్రాకారపు మోకాటి పలక ఎడమ కాలికే ఉండాలి. అసలు శిరస్త్రాణం కుడి ఎడమలు సరిగ్గా సమానంగా లేవు, దాని మీది గీతలు చేత్తో గీసినవే. కాబట్టి కంప్యూటర్‌లో రెండు వైపులా తీర్చిదిద్దిన ముఖం ఎంత అందంగా ఉన్నా తప్పే అవుతుంది. అసలులో వంకర ఉంటే నకలులోనూ ఆ వంకర ఉండి తీరాలి.

అచ్చులోని వంకర ప్రతి కవచంలోకీ దిగడానికి కారణం తయారీ పద్ధతే. 1976లో లండన్ శివారు ట్వికెన్‌హామ్‌లో ఆండ్రూ ఐన్స్‌వర్త్ ఈ కవచాలను వాక్యూమ్ ఫార్మింగ్‌తో చేశారు. ప్లాస్టిక్ రేకును మెత్తబడేదాకా వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలి లాగేస్తారు. వాతావరణ పీడనం రేకును అచ్చుకు అదిమిపెడుతుంది. లోతైన మూలల్లో రేకు సాగి పలచబడుతుంది కాబట్టి, ఇంట్లో చేసిన కవచం మొదట చిట్లేది ఆ మూలల్లోనే. అక్కడ లోపలి నుంచి అదనపు పొర అతికిస్తే బలం వస్తుంది.

ఏది దేనికి అతుకుతుందన్నది ప్లాస్టిక్ రకాన్ని బట్టి ఉంటుంది. కవచాలకు ఎక్కువగా వాడే ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌ను అసిటోన్ కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులను కలిపి ఒత్తితే అణుగొలుసులు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుని, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్క అవుతుంది. పాత సినిమా శిరస్త్రాణాల్లో చాలావాటికి వాడిన హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ మీద ఈ ఉపాయం పారదు. దాని ఉపరితల శక్తి తక్కువ కాబట్టి జిగురూ రంగూ పట్టుకోవు. ఏబీఎస్‌కు వేరే బలహీనత ఉంది. అందులోని బ్యూటడైన్ భాగం అతినీలలోహిత కిరణాలకు ఆక్సీకరణ చెందడంతో తెల్ల కవచం కొన్నాళ్ళకు పసుపెక్కుతుంది. ఎండ తగలని చోట దాచాలి.

త్రీడీ ప్రింటర్‌తో చేసేవారికి ఎండ గండం ఇంకా పెద్దది. సాధారణంగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. ఏబీఎస్ సుమారు 105 దాకా నిలుస్తుంది. ఏప్రిల్ ఎండలో సూరత్‌లోనో కరీంనగర్‌లోనో తలుపులు మూసి నిలిపిన కారులో పీఎల్ఏ శిరస్త్రాణం వదిలేస్తే సాయంత్రానికి ఆకారం మారిపోవచ్చు.

తొడుక్కున్న మనిషి సంగతీ చూడాలి. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. ప్లాస్టిక్ డొప్పల లోపల ఆవిరికి దారి లేదు. అందుకే లోపలి నల్ల దుస్తుకు గుడ్డ ఎంపిక ముఖ్యం. తెలంగాణ పద్మశాలి కుటుంబాలు తరాలుగా మగ్గాల మీద బతుకుతున్న సూరత్‌లో ఎవరినడిగినా ఈ తేడా చెబుతారు: నూలు చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది, పాలిస్టర్ దాదాపు పీల్చదు. తగిన అల్లికలో నేసిన పాలిస్టరైతే పోగుల సందుల్లోంచి తడిని పైకి లాగి త్వరగా ఆరనిస్తుంది. శ్వాసలోని ఆవిరి శిరస్త్రాణపు చల్లని కంటి అద్దాల మీద చేరి మసక కమ్ముతుంది. చిన్న ఫ్యాను ఆ ఆవిరిని బయటికి నెడుతుంది. సబ్బు లాంటి పదార్థం పూస్తే బిందువులు కట్టకుండా నీరు పలచని పొరగా పరుచుకుంటుంది, చూపు ఆగదు.

హైదరాబాద్‌లో 2013 నుంచి కామిక్ కాన్ జరుగుతోంది, వేషాల పోటీలూ ఉంటున్నాయి. మీరూ కవచం మొదలుపెట్టాలనుకుంటే డబ్బు ఖర్చు పెట్టే ముందు ప్రమాణ పత్రం దగ్గర పెట్టుకుని, మీ కొలతలు రాసుకుని, ముందు అట్టతో నమూనా కత్తిరించి చూడండి. ద్రావకాలు వాడేటప్పుడు కిటికీలు తెరిచి, మాస్కూ చేతి తొడుగులూ వేసుకోండి. దగ్గర్లో పొయ్యి వెలిగించకండి.