సూయజు కాలువలో ఓడ ప్రయాణము

గ్రామపెద్దలారా,

కాలువ యనగానే మన మనస్సున మెదలునది నిజాంసాగరు కాలువయే. 1923లో ఆరంభించి 1931లో మంజీరపై ముగించిన ఆ జలాశయపు నీరే బోధను చెరకునకు ప్రాణమైనది. కాలువ యన్న పల్లమునకు పారు నీరనియే ముప్పది యేండ్లు పిల్లలకు బోధించితిని. ఉద్యోగము చాలించిన పిమ్మట ఓడలో సూయజు కాలువ దాటినప్పుడు ఆ పాఠము దిద్దుకొనవలసి వచ్చినది.

తెల్లవారకముందే సూయజు పట్టణము చెంత మా ఓడ వరుసలో నిలిచినది. త్రోవ యెరిగిన ఐగుప్తు దేశపు నావికుడొకడు పైకెక్కి మా కప్తానునకు దారి చూపసాగెను. ఓడ ఉత్తరముగా సాగుచుండ, ఎడమ ప్రక్క చెట్లు, పొలములు. కుడి ప్రక్క సీనాయి ఇసుక. సైకిలు తొక్కువాని వేగమే మా వేగము. అంతకు హెచ్చిన అలలు లేచి గట్లు కోసివేయును గదా!

1914లో తెరచిన పనామా కాలువలో తలుపులు మూసి, నీరు నింపి, ఓడను మెట్టుమెట్టుగా 26 మీటర్లు పైకెత్తి, మరల దింపుదురు. సూయజునకు ఇరువైపుల సముద్రమట్టము దాదాపు సమానము గనుక తలుపులే లేవు. 193 కిలోమీటర్ల ఈ కాలువ వలన ఆఫ్రికాను చుట్టి పోవు శ్రమ తప్పి, బొంబాయి నుండి లండనునకు దూరము వేల కిలోమీటర్లు తగ్గినది.

త్రవ్వకము 1859లో మొదలై, 1869లో కాలువ తెరువబడెను. ఎడారిలో కూలీల దాహము తీర్చుటకు నైలునది నుండి వేరొక మంచినీటి కాలువ త్రవ్వవలసి వచ్చెను. తొలుత వేలకొలది రైతులను వెట్టికి పట్టిరి, ఎందరో మరణించిరి. వెట్టి యెరిగిన తెలంగాణమువారికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

2021 మార్చి 23న ‘ఎవర్ గివెన్’ అను 400 మీటర్ల ఓడ అడ్డము తిరిగి ఆరు దినములు కదలలేదు. మూడువందలకు మించిన ఓడలు నిలిచిపోయినవి.

వరుసలో వేచియున్న ఆ వేకువను నాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఒక యాసంగిలో, వంతు కాని రాత్రి, తూము తలుపెత్తి నా మడికి నీరు పెట్టుకొంటిని. దిగువ పొరుగువాని వరి పొట్టమీద ఎండినది. అతడు నన్నేమియు అనలేదు, నేనును ఒప్పుకొనలేదు. నేడు ఒప్పుకొనుచున్నాను.

ఆ కాలువ సముద్రముల నడుమ, మనది మడుల నడుమ. వంతు తప్పిన రెంటను చెడువాడు వెనుకనున్నవాడే. నీటి వంతులు నిర్ణయింప కూర్చుండునప్పుడు, పెద్దలారా, చివరి మడిని మొదట తలచుకొనుడు. సెలవు.