పోలిగార్ : ఆంగ్లమున కెక్కిన మన నాయక పదము

ఆంగ్ల నిఘంటువులలో 'పోలిగార్' అను పదమొకటి కలదు. దక్షిణదేశమున కొన్ని గ్రామములను, కొంత దండును ఏలిన నాయకుడని దాని అర్థము. ఇది ఆంగ్లేయుల సొంత మాట కాదు. మన 'పాళెగాడు' పదమే.

పాళెమనగా దండు విడిసిన చోటు. కాలక్రమమున అది ఆ దండుకై ఇచ్చిన సీమకును పేరైనది. తిరువళ్ళూరు జిల్లాలోని పెరియపాళెము పేరున ఈ మాట నేటికిని వినబడుచున్నది. పాళెము గలవాడు పాళెగాడు. ప్రభువు పిలిచినపుడు మనుష్యులతో దండుకు పోవుట, కప్పము కట్టుట, గ్రామములకు కావలి కాయుట అతని విధులు.

తమిళమున ఇతనిని 'పాళయక్కారన్' అందురు. అందలి ద్విత్వ కకారము ఆంగ్లరూపమున లేదు, గకారము కలదు. తుదనున్న రేఫను బట్టి చూడగా అది తెలుగు 'పాళెగారు', కన్నడ 'పాళెయగార', మరాఠీ 'పాళేగార్' రూపములకు సన్నిహితమని తోచును.

తిరుత్తణి ప్రాంతము కార్వేటినగర సంస్థానములోనిది. ఆ సంస్థానమునకు బొమ్మరాజుపాళెమని నామాంతరము. కావున ఈ పదచరిత్ర ఇచ్చటివారికి ఇంటి చరిత్ర వంటిది.

1799లో తెలుగు మాతృభాషగా గల కుటుంబమున జన్మించిన పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మనను కంపెనీవారు ఉరితీసిరి. 1801లో కర్ణాటక రాజ్యపాలన వారి వశమైనది. 1802 నాటి శాశ్వత నిర్ణయ శాసనము పిమ్మట, లొంగియున్న పాళెగాండ్రు పలువురు జమీందారులైరి. ఆయుధము పోయి పేష్కషు మిగిలెను. కంపెనీవారి వ్రాతలలో 'పోలిగార్' అన్నచో దుండగీడను ధ్వని బలపడెను. పాళెగాండ్రలో ప్రజలను పీడించినవారు లేకపోలేదు. అయినను కొందరి దోషము పదమునకే అర్థమగుట న్యాయము కాదు.

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినను ఊళ్ల పేర్లు, ఇండ్లలోని పాత పత్రములు మిగిలియున్నవి. మన పూర్వులను గూర్చి పరులు వ్రాసిన మాటనే ప్రమాణముగా గొనక, వీనిని సేకరించి పరిశీలించుట ఇచ్చటి తెలుగువారి కర్తవ్యము. అపుడు పాళెగాడనగా తిరుగుబాటుదారుడని మాత్రమే కాక, కావలికి బాధ్యుడైన నాయకుడనియు మన బిడ్డలకు తెలియగలదు.