ఈదురుగాలికి ఉలిక్కిపడే మనస్సు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అటువంటి విపత్తుల నుండి బయటపడినవారిలో కొందరు, ఏళ్లు గడిచినా, ఈదురుగాలి హోరు వినగానే గజగజ వణుకుతారు. ఇది పిరికితనం కాదు, వ్యాధి.

చెవిన పడిన శబ్దం మెదడులో థాలమస్ అనే కూడలిని చేరి, అక్కడి నుండి ఇతర భాగాలకు పోతుంది. అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా వీరిలో అతిగా మేల్కొని ఉంటుంది. "ఇది మామూలు గాలే" అని దానికి నచ్చజెప్పవలసిన ముందు మెదడు పట్టు సడలుతుంది. అందుచేత చిన్న చప్పుడు కూడా ప్రమాదసూచనగా తోస్తుంది. వాసనలైతే థాలమస్‌తో పని లేకుండానే అమిగ్డలాను చేరగలవు. బురద వాసన సైతం పాత భయాన్ని రేపవచ్చు.

మనస్సు కలిసినప్పుడే ఇంద్రియం విషయాన్ని గ్రహిస్తుందని చరక సంహిత చెబుతుంది. అహిత విషయాల నుండి మనస్సును నిగ్రహించడమే సత్త్వావజయ చికిత్స. నిగ్రహమంటే గాలికి వెరచి జీవితాంతం తలుపులు మూసుకోవడం కాదు. అలా చేస్తే భయం మరింత ముదురుతుంది.

ఇంటివారు ఎగతాళి చేయరాదు. భయం కలిగిన వేళ చెంత కూర్చొని, పాదాలు నేలకు ఆనించి నిదానంగా శ్వాస విడవమని చెప్పండి. గోరువెచ్చని నువ్వులనూనెతో పాదాభ్యంగం హాయినిస్తుంది గాని వ్యాధిని మాన్పదు. నెల దాటినా బాధ తగ్గకుంటే మానసిక వైద్యుని తప్పక సంప్రదించండి.