క్యాంపులో దాచిన పంచదార

లాస్ ఏంజెలెస్ సిటీ హాలు దాటి కాస్త నడిస్తే జపాన్ సంతతివాళ్ల పేట లిటిల్ టోక్యో. అక్కడి ఫస్ట్ స్ట్రీట్‌లో ఫుగెట్సుదో అనే చిన్న మిఠాయి కొట్టుంది. సెయిచీ కీటో 1903లో మొదలుపెట్టిన ఆ కొట్టును ఇప్పుడు ఆయన మనవడు బ్రయాన్ కీటో నడుపుతున్నారు.

అద్దాల బీరువాలో గులాబీ, తెలుపు, ఆకుపచ్చ రంగుల మోచీలు అనే జపాన్ మిఠాయిలు వరుసగా ఉంటాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే పైన చల్లిన సన్నటి పిండి వేళ్లకు అంటుకుంటుంది. కొరికితే మెత్తగా సాగుతుంది. చలిమిడి తిని పెరిగినవాళ్లకు ఆ బియ్యప్పిండి రుచి పరాయిదనిపించదు. లోపలున్నది అచ్చంగా పూర్ణమే. మనం శనగపప్పు, బెల్లంతో చేస్తాం. జపాన్‌వాళ్లు అజుకి అనే ఎర్ర గింజలు ఉడికించి, పంచదార వేసి, దగ్గరపడేదాకా కలుపుతారు. ఆ అజుకి కూడా మన అలసందలకు చుట్టమే.

కొత్త సంవత్సరానికి మోచీ దంచడం చూడాలి. జిగురు బియ్యాన్ని నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి రోట్లో వేస్తారు. ఒకరు కొయ్య సుత్తితో దంచుతుంటే, ఇంకొకరు దెబ్బకీ దెబ్బకీ మధ్య తడిచేత్తో ముద్దను తిప్పుతారు. మన రోకటి పోటుకూ, రోట్లో చెయ్యిపెట్టి పిండి ఎగదోసే మనిషికీ కుదిరే లయే అది. చెయ్యి తీయడం ఒక్క క్షణం ఆలస్యమైందా, అంతే!

అమెరికాకు జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, 1942లో ఈ వీధి ఖాళీ అయిపోయింది. ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066 నంబరు ఉత్తర్వుతో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను ఇళ్లు వదిలించి క్యాంపుల్లో పెట్టారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. కీటో కుటుంబానికి వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ క్యాంపు రాసిపెట్టి ఉంది. యుద్ధకాలం కాబట్టి పంచదార రేషను. ముళ్లకంచె లోపలి జనం తమ వాటాలోంచి కాస్త కాస్త మిగిల్చి, మిఠాయి చేసిపెట్టమని కీటోలకు తెచ్చిచ్చేవారు. ఈ కొట్టు చరిత్రలో నా మనసును పట్టుకున్నది ఆ పంచదారే. సర్వం పోగొట్టుకున్నవాళ్లు పండగను మాత్రం పోనివ్వలేదు.

1946లో కీటోలు తిరిగొచ్చి కొట్టు తెరిచారు.

ఇదే పేటలోని మికవాయా దుకాణం నడిపిన ఫ్రాన్సెస్ హషిమోటో 1990ల్లో మోచీలో ఐస్‌క్రీం పెట్టి దేశమంతటా అమ్మారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1906 నాటి బెంక్యోదో మాత్రం 2022లో మూతబడింది. ఫుగెట్సుదో ఉన్న లిటిల్ టోక్యోకూ ఇప్పుడు అద్దెల బెడద ముదిరింది. 2024లో చారిత్రక స్థలాల పరిరక్షణ జాతీయ ట్రస్టు, ప్రమాదంలో ఉన్న 11 చోట్ల జాబితాలో ఈ పేటనూ చేర్చింది.

మీరెవరైనా అటు వెళ్తే, ఏ రోజు మోచీ ఆ రోజే తినండి. ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి గట్టిపడుతుంది.