యంత్రం చెప్పింది సరే, పూచీ ఎవరిది?

మా అత్తయ్యగారికి పదేళ్లుగా షుగర్. ఆమధ్య మా ఊళ్లో ఉచిత కంటి శిబిరం పెడితే తీసుకెళ్లాను. ఓ కుర్రాడు ఆవిడ కళ్లకి ఫొటోలు తీశాడు. రెండు నిమిషాల్లో ‘భయం లేదు’ అని కంప్యూటరు చీటీ ఇచ్చేసింది.

“డాక్టరు గారు చూడరా నాయనా?” అన్నారు అత్తయ్యగారు.

“కంప్యూటరు చూసేసిందిగా మామ్మగారూ!”

“మరి అది తప్పు చెబితే ఎవర్ని అడగాలి?”

ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

వేలకొద్దీ కంటి ఫొటోలు చూపించి, ఏది జబ్బో ఏది కాదో కంప్యూటరుకి నేర్పితే అదే కృత్రిమ మేధ. షుగర్ వల్ల కంట్లో రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో మనకి తెలియదు. చూపు మందగించేసరికి ఆలస్యమైపోతుంది. కంటి డాక్టర్లు ఎక్కువగా పట్నాల్లోనే ఉండే మనలాంటి దేశాలకి ఇలాంటి యంత్రం వరమే. కాదనను.

కానీ థాయిలాండ్‌లో ఏమైందో చూడండి. గూగుల్ తయారుచేసిన ఇలాంటి పద్ధతిని అక్కడ 11 క్లినిక్కుల్లో వాడి చూశారు. ఆ సంగతులు 2020లో బయటికొచ్చాయి. పరీక్షల్లో నిపుణులకి దీటుగా నిలిచిన యంత్రం, మొదటి ఆరు నెలల్లో వచ్చిన 1838 ఫొటోల్లో 21 శాతం పనికిరావంది. చాలాచోట్ల ఫొటోకి గదిని చీకటి చేసే వీల్లేదు మరి! అలాంటివాళ్లు ఇంకో రోజు ఇంకో చోట డాక్టరుకి చూపించుకోవాలి. అంటే పని మానుకోవాలి, చార్జీలు పెట్టుకోవాలి. ‘పనికిరాదు’ అంటే నయమే. జబ్బున్న కంటిని ‘బాగుంది’ అంటేనో?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆరు సూత్రాలు చెప్పింది. బాధ్యత ఎవరిదో తేలాలన్నది వాటిలో ఒకటి. మన దేశంలో వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్‌ని 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాల నిబంధనల కిందికి తెచ్చారు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో మార్గదర్శకాలిచ్చింది. అయితే మార్గదర్శకం వేరు, చట్టం వేరు.

కుక్కర్ కొంటేనే ఐ.ఎస్.ఐ. ముద్ర చూస్తామే, కళ్లు అప్పగించేటప్పుడు అడగొద్దూ? ఈ యంత్రానికి అనుమతి ఉందా? మన ఊళ్లలో, మనవాళ్ల మీద పరీక్షించారా? మన ఫొటోలు ఎవరి దగ్గర ఉంటాయి? ఫలితం సరిచూసే డాక్టరెవరు?

మర్నాడే అత్తయ్యగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చుక్కలు వేసి చూసి, ఎడమ కంట్లో దెబ్బ మొదలైందన్నారు. వేళకే వచ్చామట.

ఆ చీటీ ఇంకా నా బీరువాలోనే ఉంది. దాని మీద పేరుంది, తేదీ ఉంది. సంతకం మాత్రం లేదు. అక్కడ ఎవరు సంతకం పెట్టాలో చట్టం తేల్చాలి. తేల్చేదాకా మనం అడుగుతూనే ఉండాలి.