పీఠం చేతులు మారేదెలా? అహోబిలం నుంచి బ్రసెల్స్ వరకు

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ దాటి, నల్లమల అంచున ఉన్న అహోబిలానికి వెళ్ళేవారంతా నవనారసింహ క్షేత్రాలను చూసి వస్తారు. ఆ క్షేత్రాన్ని నడిపే మఠం సంగతి పట్టించుకునేవారు తక్కువ. దాని ప్రస్తావన ఈ పేజీలో ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. మసీదు, దర్గా, వక్ఫు భూమి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఊరూరా నలుగుతున్న ఈ రోజుల్లో, ఒక పాత సంస్థ తన పెద్దను తానే ఎలా నిర్ణయించుకుంటున్నదో తెలుసుకోవడం మనకూ అవసరమేనని మేము భావిస్తున్నాము.

అహోబిల మఠాన్ని మేల్కోటకు చెందిన ఆదివణ్ శఠగోప యతి 1398లో స్థాపించారని మఠ సంప్రదాయం చెబుతున్నది. ఇప్పుడున్నది 46వ జీయరు. శిష్యులు ఆంధ్రలోనే కాక తమిళనాడు, కర్ణాటకల్లోనూ, విదేశాల్లోనూ ఉన్నారు. అంటే ఇది ఒక రాష్ట్రం ఎల్లల్లో ఇమిడే వ్యవస్థ కాదు. పీఠాధిపతి సన్యాసి. కనుక ఈ పదవి తండ్రి నుంచి కొడుక్కు దక్కే ఆస్తి కాదు. పెద్ద జీయరు జీవించి ఉండగానే, తగిన శిష్యుణ్ణి చిన్న జీయరుగా నిలబెట్టడం ఆనవాయితీ. 45వ జీయరు నారాయణ యతీంద్ర మహాదేశికన్ 2013లో పరమపదించారు. ఆయన స్థానంలోకి వచ్చిన రంగనాథ యతీంద్ర మహాదేశికన్ అంతకు నాలుగేళ్ళ ముందే, 2009లో, సన్యాసాశ్రమం స్వీకరించి సిద్ధంగా ఉన్నారు. మాలోల నరసింహుని ఉత్సవమూర్తి జీయరు వెంటే ఊరూరా తిరుగుతుంది. జీయరు ఎక్కడుంటే పీఠం అక్కడే.

ఉత్తరాధికారిని ముందే నిర్ణయించడం ఇస్లామీయ చరిత్రకు కొత్త కాదు. హజ్రత్ అబూబక్ర్ (రజి) తమ అవసాన దశలో హజ్రత్ ఉమర్ (రజి) పేరు ప్రతిపాదించారు. హజ్రత్ ఉమర్ మాత్రం 644లో, కత్తిపోట్లకు గురై మంచాన ఉండి కూడా, ఏ ఒక్కరి పేరూ చెప్పలేదు. ఆరుగురు సహాబాలతో ఒక సంఘాన్ని నియమించి, వారిలో ఒకరిని ఎన్నుకోమన్నారు. తన కుమారుడు అబ్దుల్లాను సలహాకు పిలవవచ్చునన్నారు గాని, పదవిలో అతనికి భాగం లేదని తేల్చి చెప్పారు. మరణశయ్యపై ఉన్న తండ్రి నోట ఆ మాట రావడం అంత తేలిక కాదు.

నేటి ప్రపంచంలో ఎల్లలు దాటిన పాలనకు పెద్ద ఉదాహరణ ఐరోపా సమాఖ్య. అందులో 27 దేశాలున్నాయి. అక్కడ ఎవరూ వారసుణ్ణి నియమించరు. దేశాధినేతల మండలి ఒక పేరు సూచిస్తుంది, పార్లమెంటు ఓటు వేస్తుంది. 2024 జులై 18న ఉర్సులా ఫాన్ డెర్ లెయెన్ 401 ఓట్లతో రెండోసారి కమిషన్ అధ్యక్షురాలయ్యారు. దేశాధినేతల మండలి అధ్యక్ష పదవి అదే ఏడాది డిసెంబర్ 1న బెల్జియంకు చెందిన షార్ల్ మిషెల్ నుంచి పోర్చుగల్ మాజీ ప్రధాని ఆంటోనియో కోస్టా చేతికి వచ్చింది. దాని గడువు రెండున్నరేళ్ళు. మంత్రుల మండలి అధ్యక్షత మాత్రం ఆరేసి నెలలకు ఒక్కో దేశానికి వంతు. పేర్లు ఖరారు కావడానికి ముందు తెర వెనుక బేరాలు జోరుగానే సాగుతాయి. అయితే ఆ బేరమంతా సభ్య దేశాల మధ్యనే. బయటివారికి అందులో చోటు లేదు.

అహోబిలానికి బయటి చేతుల అనుభవం ఉంది. 1579 ప్రాంతంలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సేనలు హండే నాయకుల తోడ్పాటుతో ఈ సీమను పట్టుకొని అయిదారేళ్ళు ఏలాయని, జీయరు మొర విని శ్రీరంగరాయలు దానిని తిరిగి విడిపించాడని 1584 నాటి శాసనం చెబుతున్నది. దాచవలసిన సంగతి కాదు. ఆ ఇబ్రహీంనే తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడారు, అదీ నిజమే.

మన కాలంలో వచ్చింది సైన్యం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు. ఆలయానికి కార్యనిర్వహణాధికారిని రాష్ట్ర ప్రభుత్వం నియమించింది. మఠం తమిళనాడులో ఉన్నది, గుడి ఆంధ్రలో ఉన్నది, కనుక రెండూ వేరన్నది ప్రభుత్వ వాదన. గుడి మఠంలో విడదీయరాని భాగమని, అధికారిని నియమించే హక్కు ప్రభుత్వానికి లేదని హైకోర్టు 2022 అక్టోబర్‌లో తీర్పు ఇచ్చింది. 2023 జనవరి 27న సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది.

మన వక్ఫుల విషయంలో 1995 చట్టం 63వ సెక్షన్ వేరే దారి చూపుతున్నది. ముతవల్లీ పదవి ఖాళీ అయి, వక్ఫునామా ప్రకారం రావలసిన మనిషి లేకపోయినా, హక్కుపై తగాదా వచ్చినా బోర్డు తానే ఒకరిని నియమించవచ్చు. ఆ బోర్డులో ఎవరుండాలన్నదే 2025 సవరణ చట్టంతో పెద్ద వివాదమైంది. ముస్లిమేతర సభ్యులు రాష్ట్ర బోర్డులో ముగ్గురికి మించరాదని సుప్రీంకోర్టు ఆ ఏడాది సెప్టెంబర్ 15న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. బోర్డును నిందించేవారు ఎందరో ఉన్నారు, వారి బాధ అబద్ధం కాదు. కాని బోర్డుకు తలుపు తెరిచేది చాలాచోట్ల మన ఇంటి తగాదాయే. మేమెరిగిన ఒక దర్గాలో సజ్జాదా తన తరువాత ఎవరో చెప్పకుండానే కన్నుమూశారు. చెహ్లుం నాటికే అన్నదమ్ములిద్దరూ చెరో వకీలును పెట్టుకున్నారు. ఆ యేడు ఉరుసుకు రెండు సందల్ ఊరేగింపులు బయలుదేరాయి, మధ్యలో పోలీసులు నిలబడ్డారు.