లోహానికీ అలసట ఉంటుంది

కాలితో తొక్కే కుట్టుమిషనును మీరు చూసే ఉంటారు. కింది పలకను పాదాలతో ఊపుతూంటే, దానికి తగిలించిన కడ్డీ పక్కనున్న పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. కారు ఇంజనులోనూ ఇలాంటి కడ్డీ ఉంది. పైకీ కిందికీ కదిలే పిస్టనునూ, గుండ్రంగా తిరిగే క్రాంక్ షాఫ్టునూ అది కలుపుతుంది. దాని పేరు కనెక్టింగ్ రాడ్.

ఈ కడ్డీ ఎంత కష్టపడుతుందో లెక్క వేద్దాం. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 100 చుట్లు. ప్రతి చుట్టులోనూ పిస్టను పైదాకా వెళ్ళి వెనక్కి మళ్ళాలి. జడత్వం వల్ల అది ఇంకా పైకే పోవాలని చూస్తుంది. కడ్డీ దాన్ని కిందికి లాగాలి. పిస్టను ద్రవ్యరాశి అరకిలో, అది కదిలే దూరం 8 సెంటీమీటర్లు అయితే, ఆ లాగుడు దాదాపు ఒక టన్ను బరువుకు సమానం! వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. కడ్డీ సొంత బరువు కూడా దీనికి తోడవుతుంది.

“అయితే తేలిక లోహంతో చేస్తే సరి!” అంటారు మీరు. నిజమే. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు, అల్యూమినియానిది 2.7 మాత్రమే. అమెరికాలో జరిగే డ్రాగ్ పందేలలో టాప్ ఫ్యూయల్ కార్లకు అల్యూమినియం మిశ్రమలోహపు కడ్డీలనే వాడతారు. ఆ కారు 305 మీటర్ల పరుగును 4 సెకన్లలోపే ముగించగలదు. ఆ పరుగులో ఇంజను తిరిగేది కొన్ని వందల చుట్లే. కొన్ని పరుగులయ్యాక కడ్డీలను మార్చేస్తారు.

మరి రోజూ రోడ్డు మీద తిరిగే కారు సంగతి? ఒక తీగముక్కను ఒకేచోట అటూ ఇటూ వంచి చూడండి. మొదటిసారి విరగదు, వంచగా వంచగా విరుగుతుంది. ఇదే లోహపు అలసట. ఉక్కుకు ఒక హద్దు ఉంది. బలం ఆ హద్దు లోపల ఉంటే కోట్లసార్లు లాగినా అది తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న బలమైనా పదేపదే పడితే ఎప్పుడో ఒకనాటికి పగులు పుట్టవచ్చు. నిమిషానికి 3,000 చుట్ల చొప్పున ఇంజను 100 గంటలు నడిస్తే 1 కోటి 80 లక్షల చుట్లు! కడ్డీ విరిగిందా, ఇంజను గోడనే చీల్చుకుని బయటికి రావచ్చు.

ఇంకో చిక్కు. అంతే మందమున్న ఉక్కు కడ్డీతో పోలిస్తే, అల్యూమినియం కడ్డీ అదే బలానికి సుమారు మూడు రెట్లు సాగుతుంది; వేడికి దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. అందుకని దాన్ని లావుగా చెయ్యాలి, పిస్టను పైన ఎక్కువ ఖాళీ వదలాలి. లావు పెరిగితే తేలికదనంలో కొంత పోయినట్లే కదా!

అందుకే వేగంగా పోయే రోడ్డు కార్లకూ సాధారణంగా ఉక్కు కడ్డీలే వేస్తారు. 1990లో జపానులో వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్ కారుకు టైటానియం కడ్డీలు అమర్చారు. ఆ లోహం ఉక్కుకన్నా తేలిక, అలసటను బాగా ఓర్చుకుంటుంది, కాని ఖరీదెక్కువ.

కాబట్టి ఒక వస్తువుకు లోహాన్ని ఎంచేటప్పుడు “ఎంత తేలిక?” అని మాత్రమే అడిగితే చాలదు. “ఎన్నిసార్లు ఓర్చుకోవాలి?” అని కూడా అడగాలి.